ముక్కాయన ఇంట్లో బూజు

కాఫీ పొడి కొట్టాయన్ని వీధిలో అందరూ ముక్కాయన అనే పిలుస్తారు. ముక్కు పెద్దదని కాదు. అది మామూలు ముక్కే, కళ్ళజోడు నిలబడడానికి సరిపోయేంత. కానీ గుప్పెడు గింజలు తీసుకుని ఒక్కసారి వాసన చూశాడంటే, అవి ఎండలో ఎన్నాళ్ళు ఎండాయో, బస్తాలో ఎన్నాళ్ళు మగ్గాయో చెప్పేస్తాడు. నూటికి తొంభై సార్లు ఆ మాట నిజమవుతుంది. మిగిలిన పది సార్లూ తప్పు గింజలదేనని ఆయన అభిప్రాయం.

ఆయనకి ముక్కు ఎలాగో ఆయన భార్యకి గొంతు అలాగ. ఇరవై రెండేళ్ళుగా ఆమె రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెబుతోంది. ఊళ్ళో ఆమె మొహం తెలిసినవాళ్ళు కొద్దిమందే గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరల దుకాణంలో నిలబడి "అరకిలో ఇవ్వండి" అంటే చాలు, పక్కనున్నవాళ్ళు చేతిగడియారం చూసుకుంటారు. ఆ గొంతంటే ముక్కాయనకి చెప్పలేనంత గర్వం. అలాగని ఇంట్లో ఆ గొంతు చెప్పేది వింటాడా అంటే, అది వేరే సంగతి. భర్తల్లో ఇదేమంత అరుదైన జబ్బు కాదు.

వానలు మొదలైన నెలలో ఆమెకి దగ్గు పట్టుకుంది. వానలు పోయాయి, దగ్గు పోలేదు. కషాయాలు తాగింది, గోలీలు చప్పరించింది, మెడకి మఫ్లరు చుట్టుకుంది. ఇంట్లో పడుకుని లేచిన ప్రతి పొద్దునా ఖళ్ళు ఖళ్ళు. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చింది. చివరికి ఒకరోజు డ్యూటీలోనే కొంప మునిగింది. "రావలసిన బండి మూడవ నంబరు ప్లాట్‌ఫారానికి బదులుగా" అని ఆమె అందుకోగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. తెర ఆగాక "నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును" అని ముగించింది. ఐదవ అన్న మాట దగ్గులో కొట్టుకుపోయింది. జనానికి వినబడింది మూడు ఒక్కటే కాబట్టి అందరూ మూడు మీదే నిలబడ్డారు. వాళ్ళలో పద్నాలుగు మంది బ్యాండు మేళం వాళ్ళు కూడా ఉన్నారు. బండి ఐదు మీద కనబడేసరికి డోళ్ళూ బాకాలూ ఎత్తుకుని వంతెన మెట్లు ఎక్కారు. వాళ్ళు దిగేసరికి బండి వెళ్ళిపోయింది. పెద్ద డోలు మాత్రం మెట్ల మీంచి వాళ్ళ కన్నా ముందే దొర్లుకుంటూ వెళ్ళి బండి అందుకున్నంత పని చేసిందని చూసినవాళ్ళు చెప్పారు.

మేళం నాయకుడు ఫిర్యాదు రాశాడు. స్టేషను ఆఫీసరు ఆమెని పిలిపించాడు. ఆయన చెడ్డవాడేం కాదు.

"వచ్చే నెల ఒకటో తారీకున నేనే వచ్చి కూర్చుని వింటానమ్మా. దగ్గు లేకపోతే ఇబ్బంది లేదు. ఉంటే మాత్రం మెషిన్లో రికార్డు పెట్టేయమని పైనుంచి ఒత్తిడి ఉంది. మీరు పార్సెళ్ళ సెక్షన్‌కి వెళ్ళాల్సి ఉంటుంది" అన్నాడు.

పార్సెళ్ళ సెక్షన్‌లో మూటల మీద నంబర్లు వేయడం తప్ప నోరు విప్పే పనే ఉండదు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె ఏడవలేదు గానీ అన్నం తినలేదు. ముక్కాయనకి మొదటిసారి భయం వేసింది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరు గుండె విని, వీపు విని, ఫోటో తీయించి చూశాడు. "మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మీ ఇల్లే సరిగ్గా ఊపిరి తీసుకోవడం లేదేమో. ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాడు ముక్కాయన.

"ఉందండీ" అంది భార్య.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. డాక్టరు కలం మూసి, ఈ జబ్బుకి నా దగ్గర మందు లేదన్నట్టు ఇద్దరినీ చూశాడు.

చెమ్మ ఉన్నమాట నిజం. వాళ్ళ ఇంటి కింద ఒక గది ఉంది. నేలమాళిగ అంటే రాజులు నిధులు దాచిన చోటేమో అనిపిస్తుంది. ముక్కాయన అందులో దాచింది కాఫీ బస్తాలు. ఇంట్లో దాన్ని కింది గది అంటారు. వంటింటి పక్కనుంచి తొమ్మిది మెట్లు దిగాలి. దిగితే గోడలకి నేల నుంచి నడుమెత్తు దాకా నల్లగా, పచ్చగా, అక్కడక్కడ తెల్లటి నూగుతో బూజు పట్టి ఉంటుంది. అక్కడినుంచి ముక్క వాసన పైకొచ్చి పరుపుల్లో, దిండ్లలో, బీరువాలో బట్టల్లో చేరిందని భార్య మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

"బూజు ఉంటే ఉండనీ. వాసనంటూ వస్తే నా ముక్కుకి తెలియదూ? అదంతా నీ మనసులో ఉంది" అనేవాడు ముక్కాయన. ఇంకోసారి, "గొంతు వాడకం ఎక్కువైంది, కాస్త తక్కువ మాట్లాడు" అన్నాడు. మూడోసారి, "ఇవన్నీ మీ అక్క నూరిపోసిన మాటలు" అన్నాడు. వీటిలో ఏది ఎక్కువ తప్పో చెప్పడం కష్టం.

డాక్టరు సలహా మీద ఆమె పెట్టె సర్దుకుని అక్కగారింటికి వెళ్ళింది. అది నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తులో. నాలుగో రోజుకి దగ్గు సగమైంది, వారానికి పూర్తిగా పోయింది. ఈ శుభవార్త ముక్కాయనకి చెప్పింది భార్య కాదు, తోడల్లుడు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, ముక్కాయన కన్నా మూడేళ్ళు పెద్ద. ఎదుటివాళ్ళ ఇంట్లో లోపం కనబడితే ఆయనకి ఆ పూట ఆకలి బాగా వేస్తుంది.

"మా ఇంటి గాలి పడిందయ్యా మరదలికి. నాలుగు వైపులా కిటికీలు కదా. నువ్వేం బెంగ పెట్టుకోకు తమ్ముడూ, ఎన్నాళ్ళైనా ఉండనీ" అన్నాడు ఫోనులో.

ముక్కాయనకి ఒళ్ళు మండిపోయింది. తన భార్యకి తన ఇంటి గాలి పడకపోవడం, తోడల్లుడి ఇంటి గాలి పడడం కన్నా నామోషీ ఇంకేముంటుంది? వెంటనే ఇళ్ళు శుభ్రం చేసే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

మన భాషలో ఒక చిక్కుంది. చూరుకి సాలెగూడు పాతబడి వేలాడితే దాన్నీ బూజే అంటాం, తడి గోడకి మచ్చలుగా లేచినదాన్నీ బూజే అంటాం. మొదటిది దులిపితే పోతుంది. రెండోదాన్ని దులిపితే ఇల్లంతా తిరుగుతుంది. ముక్కాయన ఈ తేడా ఆలోచించే స్థితిలో లేడు.

"మా ఇంట్లో బూజు ఉందమ్మా, దులిపించాలి" అన్నాడు.

"ఎంత ఎత్తులో ఉంది సార్?" అంది ఫోనులో అమ్మాయి.

"నేల నుంచి నడుము దాకా."

అమ్మాయి రాసుకుంటున్నది ఆపింది. "కింద ఉందా సార్, బూజు?"

"మా ఇంట్లో కిందే ఉంది."

"దులిపి ఎన్నాళ్ళైంది?"

"ఎప్పుడూ దులపలేదు."

అమ్మాయి 'బాగా ఎక్కువ' అని రాసుకుని, ఆఫీసులో ఉన్నవాటిలోకెల్లా పొడుగాటి బూజుకర్రతో ఒకావిడని పంపించింది. ఆ కర్ర మెట్ల మలుపులో తిరగక ఆవిడ పావుగంట తంటాలు పడింది. దిగాక పైకప్పు నాలుగు మూలలూ లైటు వేసి చూసింది.

"ఇక్కడ దులపడానికేం లేదు సార్. ఒక్క సాలెగూడు కూడా లేదు. ఈ గాలికి సాలీడు కూడా కాపురం పెట్టలేదు."

"పైన కాదమ్మా, ఆ గోడ చూడండి."

"అది దులిపేది కాదు సార్, కడిగేది. నాకు దులిపే పనే చెప్పారు."

ఆవిడ మాట అక్కడితో విని ఉంటే ఈ కథ సగం తగ్గేది. కానీ ముక్కాయనకి ముక్కు మీదే కోపం, అందులోనూ పొద్దున్నే తోడల్లుడు మళ్ళీ ఫోన్ చేసి ఉన్నాడు. "వచ్చారు కదా, దులిపేయండి. ఏదో ఒకటి పోతుంది" అన్నాడు. ఆవిడ కొంగు ముక్కుకి గట్టిగా చుట్టుకుని, గోడని ఆ చివరి నుంచి ఈ చివరికి పొడిచీపురుతో బరికింది. నల్లటి దుమ్ము మబ్బులా లేచింది. ఆ దుమ్ము కింద ఉండిపోతుందేమోనని ముక్కాయన మేడ మీద నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, మెట్ల వైపు తిప్పి, ఫుల్ స్పీడులో పెట్టాడు. గదిలో దుమ్ము గదిలో లేకుండా చేశాడు, అంతవరకూ పని దిగ్విజయంగా జరిగింది.

ఆదివారం భార్య ఇల్లు చూడడానికి వచ్చింది. గోడలు ఇదివరకటి కన్నా తెల్లగా ఉన్నాయని చూపిద్దామని ముక్కాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె చెప్పులు విప్పి హాల్లో రెండడుగులు వేసింది. మూడో అడుగుకి దగ్గు మొదలైంది. గోడ పట్టుకుని, వంగిపోయి, కళ్ళ నీళ్ళు కారేదాకా దగ్గింది. ఆయన మంచినీళ్ళు తెచ్చేలోపే తిరిగి గుమ్మం అవతల ఉంది.

"ఏమండీ, ఒక మాట చెబుతాను, కోప్పడకండి" అంది ఊపిరి అందాక. "ఇంకో పద్దెనిమిది రోజుల్లో ఒకటో తారీకు. మైకు ఉంచుకోవాలంటే నేను అక్క ఇంట్లో ఉండాలి. ఈ ఇంటికొస్తే మైకు పోతుంది. నాకు రెండూ కావాలి. కానీ రెండిట్లో ఒకటే అంటే, నేను మైకు దగ్గరికే వెళతాను. ఇది మాత్రం నా మనసులో ఉన్న మాటే."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని బెదిరించింది లేదు. ఇప్పుడూ బెదిరించలేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

సోమవారం మేస్త్రీ వచ్చాడు. ఈసారి ముక్కాయన ఫోనులో బూజు అన్న మాటే వాడలేదు. "గోడ చెడింది, మీరే చూసి చెప్పండి" అన్నాడు. మేస్త్రీ మెట్ల మీదే ఆగి జేబులోంచి అగ్గిపెట్టెంత మీటరు తీసి గాల్లో పట్టుకున్నాడు. ఎనభై నాలుగు చూపించింది.

"గాల్లో చెమ్మండీ. మనుషులుండే చోట అరవై దాటకూడదు" అన్నాడు.

"మీ మీటరు తడిసిందేమో."

మేస్త్రీ మీటరు జేబులో వేసుకున్నాడు. కింది గది నాలుగు గోడలూ తడిమి, "ఇంత గదికి గాలి ఎటునుంచి వస్తుందండీ?" అని అడిగాడు.

"రాదు. వెంటిలేటర్లు నేనే మూయించాను, తొమ్మిదేళ్ళ కిందట" అన్నాడు ముక్కాయన. ఆ మాటలో కొంత గర్వం కూడా ఉంది. "గింజల వాసన వీధిపాలు కాకూడదని."

మేస్త్రీ ముక్కున వేలేసుకున్నాడు, కొంత ఆశ్చర్యంతో, కొంత అవసరంతో. చేయాల్సిన పని చెప్పాడు. బస్తాలన్నీ బయటికి పోవాలి. మూసిన వెంటిలేటర్లు పగలగొట్టాలి. గోడల్ని పొడిగా ముట్టుకోకుండా, ముందు తడిపి, సబ్బు నీళ్ళతో కడగాలి. పైనున్న దుమ్మంతా తడిగుడ్డతో తుడవాలి. పరుపులు ఎండలో వేయాలి. గాలి బయటికి లాగే ఫ్యాను బిగించాలి. గోడ ఆరేదాకా, కనీసం ఐదు రోజులు, ఇంట్లో ఎవరూ పడుకోకూడదు.

ముక్కాయన ఎక్కడికి పోతాడు? కొట్లో పడుకుందామంటే కాళ్ళు చాపే చోటు లేదు. చివరికి ముఖం చిన్నది చేసుకుని, సంచి పట్టుకుని, మూడు అంతస్తులెక్కి తోడల్లుడి ఇంటి తలుపు కొట్టాడు.

"రావయ్యా తమ్ముడూ, నీ కోసం కిటికీ పక్కన మంచం వేయించాను" అన్నాడు ఆయన. ఆ ఐదు రోజుల్లో ముక్కాయన విన్నది ఇక్కడ రాస్తే పాఠకులకి కూడా ఆ కిటికీల మీద విసుగు పుడుతుంది. వదినగారు మాత్రం ఒక్కటే మాట అంది, అదీ చాలా మర్యాదగా. "ఏమనుకోకండి మరిదిగారూ, మీ బట్టలు సంచితో సహా ఒకసారి ఉతికి ఆరేస్తాను." ఉతికిన బట్టలే కదా అని ఆయన అనబోయాడు. భార్య తలొంచుకుని కాఫీ కలుపుతోంది. ఆయన సంచి ఇచ్చేశాడు.

ఐదో రోజు పొద్దున మేస్త్రీ రమ్మన్నాడు. ముక్కాయన తన ఇంటి తలుపు తీసి లోపల కాలు పెట్టి, ఆగిపోయాడు. ఏదో వాసన. తడి గోనెపట్టాని పెట్టెలో పెట్టి మరిచిపోయినట్టు, కుళ్ళిన కాగితాల్లా, ముక్కు పుటాల్లోంచి నేరుగా గొంతులోకి దిగుతోంది. దగ్గొచ్చింది.

"ఏదో పాడైన వాసన వస్తోంది మేస్త్రీ. మీవాళ్ళు ఏమైనా తెచ్చి పెట్టారా?" అన్నాడు.

మేస్త్రీ ఆయన వంక జాలిగా చూశాడు. "ఇది మీ ఇంటి వాసనేనండీ. నేను వచ్చిన రోజుతో చూస్తే సగానికి సగం తగ్గింది."

ముక్కాయన వంటింటి పక్క మెట్ల మీద కూర్చున్నాడు. సగమే ఇదైతే, ఎనిమిది నెలలు ఆమె పీల్చింది ఎంత? పొద్దున్నే ఆమె దిండు మీంచి లేచి దగ్గుతుంటే తను దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. మనసులో ఉంది అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన ముక్కు ఆ వాసనలోనే కాపురం చేసి, అదే గాలి అనుకుంది. నాలుగు రోజులు ఎడం అయ్యేసరికి కళ్ళు తెరిచింది.

అక్కడినుంచి లేచి నేరుగా కొట్టుకి వెళ్ళాడు. డబ్బా మూత తీసి కాఫీ పొడి వాసన చూశాడు. మొదట కాఫీ. ఆ తర్వాత, అడుగున, అదే. ఇంకో డబ్బా తీశాడు, అదే. కింది గదిలోంచి వచ్చిన పొడీ, గింజలూ మొత్తం చెత్త లారీకి ఎత్తించేశాడు. 'వారం రోజులు కాఫీ పొడి లేదు. పొరపాటు మాది' అని అట్ట మీద రాసి వేలాడదీశాడు. ఇరవై ఏళ్ళ నుంచి పొడి తీసుకునే టైలరు ఆ అట్ట చదివి, హమ్మయ్య అనుకున్నాడు, పైకే.

"నిరుటి నుంచీ తేడాగానే ఉందండీ. వీధిలో అందరం అనుకుంటూనే ఉన్నాం."

"మరి ఒక్కరూ చెప్పలేదే?"

"మీ ముక్కుకి మేము చెప్పేదేమిటని ఊరుకున్నాం."

తర్వాతి మూడు రోజులూ పని జోరుగా సాగింది. రెండు వెంటిలేటర్లూ తెరుచుకున్నాయి. ఫ్యాను బిగించారు. కొత్త బస్తాల కోసం ముక్కాయన హాలు పక్కన తన గది ఖాళీ చేసి, నేలకి ఆనకుండా చెక్కబల్లలు వేయించాడు. గోడలు ఆరాక సున్నం వేశారు. మీటరు యాభై ఐదు చూపించింది. ఒకటో తారీకు ఇక పది రోజులుంది.

ముక్కాయన ఇల్లంతా తిరిగి వాసన చూశాడు. ఏమీ లేదు. కానీ ఇదివరకూ ఏమీ లేదనే కదా ఈ ముక్కు చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం స్టేషనుకి వెళ్ళి, ఆమె డ్యూటీ అయ్యేదాకా గది బయట నిలబడ్డాడు.

"మీరేంటండీ ఇక్కడ?" అంది ఆమె తలుపు తీసి.

"ఇల్లు కడిగించాను. వెంటిలేటర్లు తెరిపించాను. వాసన పోయిందో లేదో నాకు తెలియడం లేదు. నువ్వొచ్చి చెప్పాలి."

"మీ ముక్కుకేమైంది?"

"దానికి తెలియదు. నీకు తెలుసు. ఎనిమిది నెలల నుంచీ చెబుతున్నావు, నేనే వినలేదు. తప్పు నాది."

ఆమె సంచి ఆయన చేతికిచ్చి ఇంటి వైపు నడిచింది.

ఇంట్లో ఆమె ముందు, ఆయన వెనక. హాలు దాటారు, పడకగది దాటారు, తొమ్మిది మెట్లూ దిగారు. ఆమె కింది గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది. ముక్కాయన తన ఊపిరి బిగబట్టాడు. దగ్గు రాలేదు. ఆమె గోడ వెంబడి నెమ్మదిగా నడిచి, మెట్ల కింద మూల దగ్గర ఆగింది.

"ఇక్కడ ఉంది, కొద్దిగా."

ఆయన వంగి వాసన చూశాడు. సున్నం తప్ప ఏమీ తెలియలేదు. వాదించాలని నోటిదాకా వచ్చింది, పాత అలవాటు కదా. నోరు మూసుకుని, మేస్త్రీ వదిలేసిన బొగ్గుముక్క తీసుకుని ఆ చోట చుట్టూ గీత గీశాడు.

"ఇంకెక్కడుందో చూపించు" అన్నాడు.

ఆమె చూపించిన చోటల్లా ఆయన గీసుకుంటూ వెళ్ళాడు. అయిదు చోట్ల గీశాడు. ఒక్క దగ్గర కూడా ఆయనకి వాసన తగల్లేదు. మర్నాడు మేస్త్రీ వచ్చి ఆ గీతల్లో గీరి చూస్తే ప్రతిచోటా సున్నం వెనక తడి ఉంది.

"ఇది కనిపెట్టిన ముక్కు ఎవరిదండీ?" అన్నాడు మేస్త్రీ.

"మా ఆవిడది" అన్నాడు ముక్కాయన.

అక్కడ గీకి, ఆరబెట్టి, మళ్ళీ పూశారు. అది ఆరాక ఆమె పెట్టె తెచ్చుకుంది. ఒక రాత్రి, రెండు రాత్రులు, ఆరు రాత్రులు తన దిండు మీదే పడుకుంది. ప్రతి పొద్దునా ముక్కాయన ఆమె కన్నా ముందే లేచి, మంచం పక్కన కూర్చుని, దగ్గు వస్తుందేమోనని చూస్తూ ఉండేవాడు. ఆమె కళ్ళు తెరిచి "అలా మింగేసేలా చూడకండి" అనేది. ఆ మాట దగ్గు లేకుండా వచ్చేది.

ఒకటో తారీకున ఆఫీసరు వచ్చి మైకు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొట్టు మూసేసి ముక్కాయన కూడా స్టేషనుకి వెళ్ళాడు. లోపలికి రానివ్వరు కాబట్టి బయట జనంలో నిలబడ్డాడు. ఆమె గొంతు మొదలైంది. రెండవ నంబరు, నాలుగవ నంబరు, తిరిగి ఒకటవ నంబరు, మధ్యలో ఆలస్యంగా నడుస్తున్న బండి, ఆలస్యానికి చింతిస్తున్నామన్న మాట, ఎక్కడా ఒక్క అక్షరం కూడా దగ్గులో కొట్టుకుపోలేదు. ముక్కాయన ఎక్కవలసిన బండి ఏదీ లేదు. అయినా ఆ పూటంతా వంతెన ఎక్కుతూ దిగుతూ, ఆమె చెప్పిన ప్రతి ప్లాట్‌ఫారం మీదికీ వెళ్ళి నిలబడ్డాడు.